పోతురాజు మాస్టారి కాలు: రెండు కిలోల ఏడొందలు

మా నందులమెరక హైస్కూలు ల్యాబులో సల్ఫేట్ లేదు. ఏ రకం సల్ఫేటూ లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. తర్వాత జరిగినదంతా విన్నవాళ్ళు మా దగ్గర బస్తాలకొద్దీ ఉండేదేమో అనుకుంటున్నారు.

ఒకప్పుడు ఉండేది. గాజుసీసాలో నీలంగా, సగం సీసాడు మైలుతుత్తం. సైన్సు పుస్తకంలో దాన్నే కాపర్ సల్ఫేట్ అంటారు. అప్పటి విద్యా కమిటీ ఛైర్మన్ గారి కొబ్బరిచెట్లకి మొవ్వు కుళ్ళుతుంటే, సున్నంలో కలిపి కొట్టడానికని అడిగి పట్టుకెళ్ళారు. చెట్లు బతికాయి. సీసా కూడా తిరిగొచ్చింది. ఖాళీ సీసా పంపడం మర్యాద కాదని ఛైర్మన్ గారి భార్య అందులో మాగాయ పెట్టి పంపించారు. స్టాఫంతా రెండు వారాలు తిన్నాం. ఫిజికల్ సైన్సు చెప్పే సుగుణరత్నం టీచర్ ఒక్కరే ముట్టలేదు. "అది కాలవలో ఒలికితేనే చేపలు తేలిపోతాయండి, మీరు అన్నంలో కలుపుకుంటున్నారు" అన్నారావిడ. ఆవిడకి ఊరగాయలు పడవేమో అనుకున్నాం.

అప్పట్నుంచి ల్యాబులో కోడిగుడ్ల అట్టలు, కాళ్ళు విరిగిన బల్లలు, మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాటా ఉంటున్నాయి. అటువంటి ల్యాబుకి నవంబరు మొదటివారంలో ఒక సర్క్యులరు వచ్చింది.

"పాఠశాల ప్రయోగశాలలయందలి సల్ఫేట్ సమ్మేళనముల సురక్షిత నిర్వహణ మరియు విసర్జన పక్షోత్సవములు" అని దాని పేరు. హెడ్మాస్టారు ఆకొండి ఉమాపతి గారు స్టాఫ్ మీటింగులో పేరు పూర్తిగా చదివి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టారు. పదిహేను రోజులపాటు ప్రతి స్కూలూ తన ల్యాబులో ఉన్న సల్ఫేట్ ఎంతో కొలిచి, ఫొటో తీసి, "సల్ఫేట్ సురక్ష" అనే యాప్‌లో ఎక్కించాలి. ఆ తర్వాత నిబంధనల ప్రకారం వదిలించుకోవాలి. నిబంధనలు ముప్ఫై రెండు.

"మనకి లేదు కదండీ" అన్నారు సుగుణరత్నం టీచర్.

"లేదనే ఎక్కిద్దాం, అమ్మా. గొడవ వదిలిపోతుంది" అన్నారు హెడ్మాస్టారు. పరిమాణం అన్న గడిలో సున్నా కొట్టారు.

యాప్ ఎర్రబడింది. "సున్నా చెల్లదు. దయచేసి వాస్తవ పరిమాణము నమోదు చేయండి."

హెడ్మాస్టారు జిల్లా సల్ఫేట్ భద్రతాధికారి తాతపూడి వామనమూర్తి గారికి ఫోన్ చేశారు. స్పీకరులో పెట్టారు కాబట్టి అందరం విన్నాం.

"లేదు అనేవాడే దాచేవాడు, ఉమాపతి గారూ" అన్నారు వామనమూర్తి గారు. "ప్రభుత్వం ఇంత పెద్ద ఎత్తున విసర్జన చేపట్టినప్పుడు విసర్జించడానికి ఏమీ లేదనడం క్షేత్రస్థాయిలో చిత్తశుద్ధి లోపంగా పరిగణించబడుతుంది. సదరు నమోదు జరిగేవరకూ మీ స్కూలుకి సంబంధించిన అన్ని బయటి అనుమతులూ యాప్‌లో నిలుపుదల చేయడమైనది."

ఈ మాటకి స్టాఫ్‌రూమ్ మూలనుంచి చేతికర్ర కిందపడ్డ చప్పుడు వచ్చింది. ఆ కర్ర పీఈటీ గుత్తుల పోతురాజు మాస్టారిది.

మా ఆడపిల్లల కబడ్డీ జట్టు పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి జిల్లా ఫైనలుకి వచ్చింది. ఫైనలు ఆ శనివారం, జిల్లా కేంద్రంలో. అనుమతి లేకపోతే జట్టు ఊరు దాటకూడదు. సొంత పీఈటీ వెంట లేకపోతే కోర్టులో దిగకూడదు. పీఈటీ అయితే ఉన్నారు గానీ ఎడమకాలు మోకాలి దాకా పిండికట్టులో ఉంది. అదీ ఈ జట్టు పుణ్యమే. మడమ పట్టు ఎలా విడిపించుకోవాలో చూపిస్తూ, "గట్టిగా పట్టుకోవే, అన్నం తినలేదా?" అని కెప్టెన్ లోవకుమారిని ఆయన అడిగారు. ఆ పిల్ల తినే వచ్చింది.

"ఏదో ఒకటి ఎక్కించెయ్యండి బాబూ, మీకు దండం పెడతాను" అన్నారు పోతురాజు మాస్టారు. "పంతొమ్మిదేళ్ళండి. మళ్ళీ వొచ్చేసరికి నాకు పెన్షనొచ్చేత్తాది."

సుగుణరత్నం టీచర్ బల్లమీది సుద్దముక్క తీసి చూపించారు. "ఇది కాల్షియం సల్ఫేటండి. జిప్సం. ఏ హానీ లేదు, కానీ పేరు మాత్రం సల్ఫేటే."

నాలుగు సుద్దముక్కల పెట్టెలు కాటా మీద పెడితే కిలో ఎనిమిదొందలు తూగాయి. ఎక్కించగానే యాప్ పచ్చబడింది. కబడ్డీ జట్టు అనుమతి కూడా ఆ పచ్చదనంలోనే వచ్చేసింది. పోతురాజు మాస్టారు లేచి, ఒంటికాలి మీద సుగుణరత్నం టీచర్‌కి సెల్యూట్ చేశారు.

అక్కడితో ఆగిపోయి ఉంటే ఇది కథే కాదు.

మర్నాడు పొద్దున్న సుద్దముక్కలు వాడే విధానం యాప్‌లో వచ్చింది. సల్ఫేట్ పట్టుకునే ఉద్యోగి కళ్ళద్దాలు, చేతి తొడుగులు, ఆప్రాన్ విధిగా ధరించవలెను. కళ్ళద్దాలు వెల్డింగు షాపులో దొరికాయి. చేతి తొడుగులు పశువుల ఆసుపత్రి వాళ్ళిచ్చారు. అవి గేదెలకి సూడి కట్టించేటప్పుడు వేసుకునేవి, భుజాల దాకా వచ్చాయి. ఆప్రాన్లు ఎవరి ఇంట్లోవి వాళ్ళు తెచ్చుకున్నాం. మా తెలుగు మాస్టారి ఆప్రాన్ మీద "వంటింటి మహారాణి" అని రాసి ఉంది. వెల్డింగు అద్దాల్లోంచి సూర్యుడు తప్ప ఏమీ కనపడదు. ఆయన ఆ రోజు ఒక సీసపద్యం మొత్తం బోర్డు పక్క గోడమీద రాశారు. పిల్లలు బుద్ధిగా గోడమీంచే దింపుకున్నారు.

ముప్ఫై రెండు నిబంధనలూ ప్రార్థన తర్వాత రోజూ పిల్లలచేత చెప్పించాలని కూడా ఉంది. మా పిల్లలకి పన్నెండో ఎక్కం దాటి రాదు గానీ, ఏదైనా అర్థం కాకుండా కంఠతా పట్టమంటే రెండు రోజులు చాలు.

ఇవన్నీ కూడా సర్దుకునేవే. కానీ బుధవారం పొద్దున్న యాప్‌లో ర్యాంకులు పెట్టారు.

మా హెడ్మాస్టారు మంచివారు. ఆయనకున్న బాధ ఒక్కటే, ఏ జాబితాలోనూ ఆయన పేరు కిందికి రాకూడదు. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో అందరికన్నా ముందు శుభోదయం పెట్టడానికి ఆయన నాలుగున్నరకి అలారం పెట్టుకుంటారు. మూడో అంతస్తు ఎల్ఐసీ ఆయన నాలుగుంబావుకి పెట్టడం మొదలుపెట్టాడని తెలిసి బీపీ మాత్ర మార్చుకున్నారు. అటువంటి మనిషి ర్యాంకుల జాబితా తెరిచి, కిందికి, కిందికి, ఇంకా కిందికి జరుపుకుంటూ వెళ్ళారు. మండలంలో నలభై ఒక్క స్కూళ్ళు. మాది నలభై ఒకటి.

"వాడ్రేవుమెరక పద్దెనిమిది కిలోలు చూపించిందమ్మా!" అన్నారు సుగుణరత్నం టీచర్‌తో. వాడ్రేవుమెరక అంటే కాలవ అవతల ఊరు. శనివారం ఫైనల్లో మా ప్రత్యర్థి కూడా వాళ్ళే. "పద్దెనిమిది కిలోలు వాళ్ళకి ఎక్కణ్ణించి వచ్చిందంటావు?"

"ఎక్కణ్ణించొస్తే మనకేంటండీ? మన పని అయిపోయింది కదా."

"నలభై ఒకటమ్మా. మా తోడల్లుడు చూస్తాడమ్మా ఇది. చూడు, ఇంకేమైనా ఉందేమో."

ఆవిడ హెడ్మాస్టారి గది గుమ్మానికి దిష్టికని వేలాడదీసిన పటిక వైపు చూపించారు. పటిక కూడా సల్ఫేటే. ఆడిటు వాళ్ళ కళ్ళు పడకూడదని హెడ్మాస్టారే కట్టించారు దాన్ని. విప్పి తూచారు. రెండొందల గ్రాములు. నలభయ్యో ర్యాంకు. హెడ్మాస్టారి మొహంలో వెలుగు వచ్చి మళ్ళీ పోయింది.

"ఇంకా?"

సుగుణరత్నం టీచర్‌కి విసుగొచ్చింది. మనిషికి విసుగు రావడం సహజమే గానీ, ప్రభుత్వోద్యోగి విసుగులో కూడా జాగ్రత్తగా మాట్లాడాలి. "ఇంకేముందండీ, ఆ లెక్కన పోతురాజు మాస్టారి కాలికట్టు కూడా అదే. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అంటే కాల్షియం సల్ఫేటే. తూచుకోండి" అన్నారు.

హెడ్మాస్టారు వెంటనే లేచారు. ల్యాబు తాళం తీసుకున్నారు.

పోతురాజు మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, కట్టున్న కాలు ఎత్తి బియ్యం కాటా మీద పెట్టారు. ఎనిమిది కిలోల రెండొందలు. అందులో కాలు ఎంత, కట్టు ఎంత అన్న సందేహం వచ్చింది. రెండో కాలు కూడా పెట్టించారు. ఐదున్నర. తేడా రెండు కిలోల ఏడొందలు.

"నా కాలు తూకమేంటండీ, నేనేమన్నా కోడినాండీ?" అన్నారు పోతురాజు మాస్టారు.

"స్కూలు కోసం మాస్టారూ. మీ కాలు కదపకండి, ఫొటో మసకొస్తోంది."

ఎక్కించారు. యాప్ కాసేపు గిరగిరా తిరిగింది. అప్పటిదాకా జిల్లాలో ఏ స్కూలూ ఎక్కించనిది కావడంతో, దానికి కొత్త విభాగమే తెరుచుకుంది. "కదిలే నిల్వ." అరుదైన నమోదుకి ప్రోత్సాహక పాయింట్లు. నందులమెరక, మూడో ర్యాంకు.

హెడ్మాస్టారు ఫోన్ గుండెకి హత్తుకున్నారు. కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి. అవి సుగుణరత్నం టీచర్ చదివారు.

"కదిలే నిల్వను తక్షణం ప్రయోగశాలలో తాళం వేసి ఉంచవలెను. లేబుల్ అంటించవలెను. రవాణా అనుమతి లేనిదే ఆవరణ దాటించరాదు. ఉల్లంఘించిన ప్రధానోపాధ్యాయునిపై తగు చర్య గైకొనబడును."

"శనివారం ఆటుందండి" అన్నారు పోతురాజు మాస్టారు. ఆయనకి ఇంకా అర్థం కాలేదు.

హెడ్మాస్టారు నమోదు తీసేసే మీట కోసం వెతికారు. లేదు. ఆ యాప్‌లో ఎక్కించడమే తప్ప దించడం లేదు. మాస్టారి పేరు నిల్వలోకి మారడంతో జట్టు అనుమతి కూడా మళ్ళీ ఎర్రబడింది.

అలా పోతురాజు మాస్టారు బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటల నుంచి నిల్వ అయ్యారు. ల్యాబులో కోడిగుడ్ల అట్టల పక్కన కుర్చీ వేశాం. కట్టుకి లేబుల్ అంటించాం. "సల్ఫేట్. 2.7 కిలోలు. తాకరాదు. తడపరాదు. తలకిందులు చేయరాదు." సాయంత్రం ఆయన్ని ఇంటికి పంపాలా వద్దా అన్నది తేలక, రాత్రికి మంచం కూడా వేశాం.

ఒంటిగంటకి ఆయన భార్య మంగతాయారు గారు క్యారియరు పట్టుకొచ్చారు. ల్యాబులో తినడం తొమ్మిదో నిబంధన ప్రకారం నిషిద్ధం. అందుకని ఆయన కిటికీ పక్కకి జరిగి, తలా చేతులూ వరండాలో పెట్టి తిన్నారు. కాలు ల్యాబులోనే ఉంది.

"ఇదేం ఖర్మండీ" అన్నారావిడ అన్నం కలిపి పెడుతూ. "ఇంట్లో ఏ పనికీ కదలరని మా అమ్మతో చెప్పుకునేదాన్ని. ఇక్కడ మీకు దానికే ర్యాంకిచ్చారంట!"

"ఊరుకోవే. పిల్లల ఆట పోయేలా ఉంది, నీకు ఎటకారంగా ఉంది."

"మరి కట్టు కోసేసుకుని ఎల్లిపోరాదా?"

ఆ మాట హెడ్మాస్టారు విన్నారు. కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "అమ్మా, ఆ మాట అనకండి. నమోదైన నిల్వని పగలగొడితే సల్ఫేట్ ఒలికినట్టు. స్కూలంతా ఖాళీ చేయించాలి."

గురువారం వామనమూర్తి గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ల్యాబు చూశారు. కుర్చీ చూశారు. లేబుల్ కిందికి వంగి, అక్షరం అక్షరం చదివారు. పోతురాజు మాస్టారు లేవబోయి నమస్కారం పెట్టారు.

"నిల్వ కదులుతోంది" అన్నారు వామనమూర్తి గారు, హెడ్మాస్టారితో.

"కదిలే నిల్వేనండి."

"అద్భుతం. ఉమాపతి గారూ, ఇది ఉత్తమ విధానం. దీనివల్ల సల్ఫేట్ వైవిధ్యంలో మన జిల్లా రాష్ట్రంలోనే ప్రథమ స్థానంలోకి వచ్చింది. నిన్న కమిషనర్ గారు సమీక్షలో మీ నిల్వ ఫొటో తెరమీద వేయించారు."

"సార్, నేను పీఈటీనండి" అన్నారు పోతురాజు మాస్టారు. "ఎల్లుండి ఫైనలండి. నన్ను ఒదిలేస్తే పిల్లల్ని తీసుకెళ్ళి ఆడించుకొచ్చేత్తానండి. వొచ్చాక మళ్ళీ ఇక్కడే కూర్చుంటానండి, మీరు ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు."

వామనమూర్తి గారు దయగల మనిషి. నేరుగా నిల్వతో మాట్లాడకూడదు కాబట్టి హెడ్మాస్టారి వైపు తిరిగి చెప్పారు. "సదరు నిల్వ వారి ఆవేదన మాకు తెలియకపోలేదు. కానీ రవాణా విసర్జన నిమిత్తం మాత్రమే. విసర్జన మార్గాలు మూడు. నీటిలో కరిగించుట. గోతిలో పూడ్చుట. లేదా జిల్లా విసర్జన కేంద్రానికి తరలించుట. మీరు గొయ్యి తవ్వించినట్టు యాప్‌లో ఫొటో పెట్టారు. లోతెంత?"

"ఆరడుగులండి" అన్నారు హెడ్మాస్టారు గర్వంగా. "నాలుగే అడిగారు, మేం ఆరు తవ్వించాం."

పోతురాజు మాస్టారి ఎత్తు ఐదడుగుల పదకొండు. గొయ్యి ఆయన కూర్చున్న కిటికీలోంచి బాగా కనిపిస్తుంది. ఆయన అటు చూసి, తన కట్టు చూసుకుని, "కాలు వొరకేనా సార్, నన్ను కూడానా?" అని అడిగారు.

హెడ్మాస్టారు యాప్ తెరిచి వెతికారు. నిబంధనల్లో ఆ వివరం లేదు.

అప్పుడు గుమ్మం దగ్గర చప్పుడైంది. లోవకుమారి, వెనక జట్టంతా. పన్నెండు మందీ ఆట బట్టల్లోనే ఉన్నారు. పొద్దుటి నుంచి ప్రాక్టీసు చేయించే దిక్కులేక, ల్యాబు కిటికీ బయట నిలబడి, మాస్టారు లోపల్నుంచి ఈల వేస్తే దానికి తగ్గట్టు కదులుతున్నారు.

"సార్, ఇరవై రెండో నిబంధన సార్" అంది లోవకుమారి, చేతులు కట్టుకుని.

"ఏమిటది?" అన్నారు వామనమూర్తి గారు. ఆయన ముఖంలో భయం లాంటిది కదిలింది. ముప్ఫై రెండు నిబంధనలూ ఆయన పేరుతోనే వచ్చాయి గానీ, వాటిని చదివిన మనిషి ఎదురవుతాడని ఆయన అనుకోలేదు.

లోవకుమారి కళ్ళు మూసుకుని, ప్రార్థనలో చెప్పినట్టే గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "రెండు కిలోలు మించిన ప్రతి నిల్వనూ విసర్జన కేంద్రమునకు తరలించునప్పుడు శారీరక దారుఢ్యముగల ఏడుగురు వాహకులు ఏకరూప దుస్తులలో వెంట నుండవలెను సార్. వాహనమునకు ఎర్రజెండా కట్టవలెను సార్. గంటకు ఇరవై కిలోమీటర్లు మించరాదు సార్." కళ్ళు తెరిచింది. "మేం ఏడుగురం ఆడేవోళ్ళమండి. అందరికీ ఒకటే డ్రెస్సండి. మాస్టారిని మేం విసర్జించేసొస్తామండి."

"విసర్జన కేంద్రం ఎక్కడండీ?" అని అడిగారు సుగుణరత్నం టీచర్, తెలియనట్టు.

"భవనం మంజూరు కావలసి ఉంది" అన్నారు వామనమూర్తి గారు. "తాత్కాలికంగా జిల్లా స్టేడియం గ్యాలరీ కింద గదిలో నిర్వహించడమవుతోంది."

ఫైనలు ఆ స్టేడియంలోనే. హెడ్మాస్టారు ఆ మాట అనబోతే సుగుణరత్నం టీచర్ ఆయన పాదం తొక్కారు.

"పక్షోత్సవాల్లో శనివారం తరలింపు ఒక్కటి కూడా లేదు" అన్నారు వామనమూర్తి గారు డైరీ చూసుకుంటూ. "మంచి ఫొటో అవుతుంది. అనుమతించడమైనది."

"మరి మేమో సార్?" అంది వెనకనుంచి రిజర్వు ఆటగాళ్ళలో ఒక పిల్ల. వాళ్ళు ఐదుగురు.

"నిబంధన ఏడుగురనే చెబుతోంది. ఒక నిల్వకి ఏడుగురే."

శనివారం పొద్దున్న ఆరింటికి ట్రక్కు ఆటోకి ఎర్రజెండా కట్టారు. మధ్యలో కుర్చీ వేసి పోతురాజు మాస్టారిని కూర్చోబెట్టారు. చుట్టూ ఏడుగురు పిల్లలు. వెనక మోటారు సైకిలు మీద సోషల్ చెప్పే నేనూ సుగుణరత్నం టీచరూ. గంటకి ఇరవై కిలోమీటర్లు. దారిలో మమ్మల్ని సైకిళ్ళు దాటిపోయాయి. ఒక పెళ్ళి ఊరేగింపు దాటిపోయింది. కుర్చీ, జెండా, చుట్టూ యూనిఫారం చూసి రెండు ఊళ్ళలో జనం ఎమ్మెల్యే అనుకుని దండలు వేశారు. ఒకాయన అర్జీ కూడా ఇచ్చాడు.

గ్యాలరీ కింద గదిలో గుమాస్తా ఉన్నాడు. జిల్లా నలుమూలల నుంచి వచ్చిన సుద్దముక్కల పెట్టెలు, పటిక దిమ్మలు పైకప్పు దాకా ఉన్నాయి. మధ్యలో కండువా వేసుకున్న ఒక పెద్దమనిషి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహం, నడుం పైకి. వాడ్రేవుమెరక వాళ్ళ పద్దెనిమిది కిలోలు ఏమిటో అప్పుడు తెలిసింది. స్కూలుకి స్థలమిచ్చిన దాతగారి విగ్రహాన్ని పీకి పంపించేశారు.

"సంచిలో వేసి తేలేదేంటండీ?" అన్నాడు గుమాస్తా, పోతురాజు మాస్టారిని చూసి.

"పట్టలేదు" అన్నాను.

మాస్టారిని దాతగారి పక్కన కూర్చోబెట్టాడు. గదికి ఒకటే కిటికీ. కోర్టు సరిగ్గా దాని ముందే. పోతురాజు మాస్టారు ఊచలు పట్టుకుని చూశారు. ఆయన ముఖం అంత ప్రశాంతంగా నేనెప్పుడూ చూడలేదు.

ఆట మొదలైంది. మొదటి ఐదు నిమిషాల్లోనే మా కుడి కార్నరు పిల్ల చెయ్యి బెణికి బయటికొచ్చింది. రిజర్వు లేదు. ఆరుగురితో ఆడాలి. స్కోరు పన్నెండు, ఐదు. వాడ్రేవుమెరక ఆధిక్యం.

"లోవా! బోనస్ గీత కాడికి ఎల్లకే!" అని గ్యాలరీ కిందనుంచి గర్జన వినపడింది. "ఆ పొడుగుపిల్లని రానీ, రానీ... ఇప్పుడు పట్టు!"

పట్టారు. ఆరు. గర్జన మీద గర్జన. పదకొండు. విరామానికి పదిహేనూ పదిహేను.

వాడ్రేవుమెరక పీఈటీ లేచి రిఫరీ దగ్గరికి వెళ్ళాడు. "అభ్యంతరమండి. గ్యాలరీ కింద గదిలోంచి ఒక సల్ఫేట్ కోచింగ్ ఇస్తోందండి."

రిఫరీ చాలా ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. ఈ అభ్యంతరం మాత్రం ఎప్పుడూ వినలేదు.

"రికార్డు చూడండి" అన్నాడు వాడ్రేవుమెరక పీఈటీ. "నందులమెరక మాస్టారు ఇప్పుడు మాస్టారు కాదు, నిల్వ. నిల్వ కోచ్ కాదు. కోచ్ లేని జట్టు ఓడిపోయినట్టే కదండీ!"

మా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోవకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫొటో కోసం వచ్చి కూర్చున్న వామనమూర్తి గారి వైపు అందరూ తిరిగారు. పోతురాజు మాస్టారు కోచ్ అయితే, కదిలే నిల్వ అబద్ధం, రాష్ట్రంలో మొదటి ర్యాంకు పోతుంది. సల్ఫేట్ అయితే, పిల్లల ఆట పోతుంది. వామనమూర్తి గారు ఎక్కువసేపు బాధపడలేదు.

"రికార్డు ప్రకారం సదరు వ్యక్తి..." అని మొదలుపెట్టారు.

"సార్, ఒక్క మాట" అన్నారు సుగుణరత్నం టీచర్. వంగి, కోర్టు మీద గీసిన తెల్లగీత నుంచి చిటికెడు పొడి తీసి ఆయన అరచేతిలో పోశారు. "ఇది కూడా కాల్షియం సల్ఫేటేనండి. ఆ కట్టులో ఉన్నదే. ఎవరూ నమోదు చేయలేదు, తూచలేదు. గీతలన్నీ కలిపి ఒక బస్తా ఉంటుంది. పదకొండో నిబంధన ప్రకారం సల్ఫేట్ ఒలికిన చోటు తక్షణం ఖాళీ చేయించాలి. బాధ్యులు అక్కడున్న వారిలో అందరికన్నా పెద్ద అధికారి. అంటే మీరేనండి."

వామనమూర్తి గారు అరచెయ్యి చూసుకున్నారు. దాన్ని ఎక్కడ దులపాలో తెలియలేదు. తొడుగులు కూడా లేవు. గ్యాలరీ మొదటి వరసలో కూర్చున్న కలెక్టర్ గారి భార్య వైపు చూశారు. ఆవిణ్ణి ఖాళీ చేయించడం ఊహించుకున్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు.

"ఇందుమూలముగా స్పష్టత ఇవ్వడమైనది. ఈ పక్షోత్సవములు పాఠశాల ప్రయోగశాలలకు సంబంధించినవి. పాఠశాల ఆవరణ లోపల ఉన్నంతవరకే సల్ఫేట్ సల్ఫేట్. ఆవరణ దాటిన మరుక్షణం అది మామూలు పదార్థం. కావున ఈ గీతలు గీతలే. సదరు కట్టు కట్టే. లోపలున్నవారు మాస్టారే."

గుమాస్తాకి కూడా ఈ తీర్పు నచ్చింది. "గదిలో స్థలము లేనందున నిల్వ తిప్పి పంపడమైనది" అని రాసి ముద్ర వేసి, పోతురాజు మాస్టారిని బయటికి వదిలేశాడు. ఆయన చేతికర్రతో గెంతుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు.

ఆరుగురితోనే ఆడారు. చివరి కూతకి వెళ్ళినప్పుడు లోవకుమారి మడమని అవతల పిల్ల గట్టిగా పట్టుకుంది. ఎలా విడిపించుకోవాలో లోవకుమారికి మాస్టారు పూర్తిగా చూపించలేదు. సగంలోనే కాలు విరిగింది కదా. మిగతా సగం తనే కనిపెట్టింది. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. కాలికట్టుకి కప్పు ఆనించి ఫొటో తీయించుకున్నారు. మధ్యలో వామనమూర్తి గారు కూడా నిలబడ్డారు.

సోమవారం నుంచి ఒక చిక్కు వచ్చింది. కొత్త స్పష్టత ప్రకారం పోతురాజు మాస్టారు బయట మాస్టారు, గేటు దాటి లోపలికొస్తే సల్ఫేట్. అందుకని ఆయన ప్రహరీగోడ అవతల, రోడ్డు మీద నిలబడి డ్రిల్లు చేయించారు. గోడ ఇవతల పిల్లలు. "సావధాన్!" అని ఆయన అరిస్తే, అటుగా వెళ్తున్న ఆర్టీసీ బస్సు కూడా ఆగిపోయేది.

రాష్ట్ర పోటీలు కర్నూల్లో, ఇంకో తొమ్మిది రోజుల్లో. ఆడపిల్లల జట్టుని అంత దూరం పంపడానికి పదకొండు సంతకాలు కావాలి. ఫైలు కదిలి రావడానికి ఇరవై రోజులు. సల్ఫేట్ తరలింపుకైతే పది నిమిషాల్లో వచ్చేస్తుంది. గమ్యస్థానం గడిలో ఏ ఊరు రాసినా యాప్ ఒప్పుకుంటుంది. పక్షోత్సవాలని మార్చి దాకా పొడిగించారు కూడా.

బుధవారం నాడు పోతురాజు మాస్టారిని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మంగతాయారు గారు, లోవకుమారి, నేను. డాక్టరు ఫిల్ము వెలుగుకి ఎత్తి చూశాడు.

"బాగా అతుక్కుందండి. కట్టు కోసేద్దాం."

"కొయ్యకండి డాక్టరుగారూ" అన్నారు పోతురాజు మాస్టారు. "ఇంకో పదిహేను రోజులు ఉంచండి. కుదిరితే రెండో కాలికి కూడా ఒకటి ఎయ్యండి."

డాక్టరు రెండో కాలు నొక్కి చూశాడు. "దీనికేమైందండీ?"

"ఏం కాలేదండి. ఒక కట్టుకి ఏడుగురే ఎల్లగలరండి. మావోళ్ళు రిజర్వుతో కలిపి పన్నెండు మంది. మొన్న ఆరుగురితో ఆడారండి పాపం, చూళ్ళేకపోయాను."

"రెండు కట్లంటే పద్నాలుగు మందండి" అంది లోవకుమారి, వేళ్ళు మడుస్తూ. "సుగుణ టీచరు, సోషల్ మాస్టారు కూడా ఒచ్చేయొచ్చు."

డాక్టరు మంగతాయారు గారి వైపు చూశాడు, ఇంట్లో వాళ్ళలో ఒకరైనా తెలివిలో ఉంటారన్న ఆశతో.

ఆవిడ భర్త రెండో కాలి చెప్పు తీసి సంచిలో పెట్టుకుంటున్నారు. "ఎయ్యండి బాబూ" అన్నారు. "రెండు కిలోలకి మాత్రం తగ్గకుండా చూడండి, పిల్లల ఆట పోద్ది."